అనకాపల్లి బెల్లం

చెరకు మన దగ్గర పుట్టిన మొక్క కాదు. దాన్ని మొదట సాగులోకి తెచ్చింది పసిఫిక్ దీవి న్యూగినీ జనం. రసాన్ని కాచి గట్టిపరిచే విద్య మాత్రం మన దేశంలో పెరిగింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం బెల్లాన్నీ కండచక్కెరనూ వేర్వేరుగా పేర్కొంది. బౌద్ధుల వినయపిటకం ఇంకా ముచ్చటైన సంగతి చెబుతుంది: జబ్బుపడిన భిక్షువు బెల్లం తినవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవాడు బెల్లం నీళ్లు తాగవచ్చు. అనకాపల్లి పక్కనే, శంకరం దగ్గరి బొజ్జన్నకొండ మీద భిక్షువులు శతాబ్దాల పాటు ఉన్నారు. శ్రీరామనవమి పందిట్లో పానకం అందుకున్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

శారదా నది పరీవాహకంలోని ఈ పొలాలకు చెరకు బాగా కుదిరింది. 1913లోనే ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలిసింది. విశ్వామిత్ర అని రైతులు పిలుచుకునే 87ఏ298 రకం అక్కడిదే. ఆ ‘ఏ’ అనకాపల్లిది.

గానుగాడిన రసం వెడల్పాటి పెనంలోకి చేరుతుంది. ఎండిన పిప్పే పొయ్యిలోకి. రసం కాగుతుంటే పైకి తేలే మడ్డిని తీసేస్తూ, కాస్త సున్నం, కొన్నిచోట్ల బెండ జిగురు వేసి తేటపరుస్తారు. పాకం చుక్కను చన్నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూస్తారు. తొందరపడి దించితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడు వాసన. ఆ అంచనా వండేవాడి చేతిలోనే ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. వంద కిలోల చెరకుకు దక్కేది సుమారు పది కిలోలు. ఆ దిమ్మలన్నీ చేరే అనకాపల్లి యార్డు దేశంలోని అతి పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి.

అనకాపల్లి జిల్లాలో మాడుగుల హల్వాకు పేరెక్కువ. ఇంటింటి పండగ మాత్రం బెల్లానిదే. సంక్రాంతికి అరిసెలు, పోకుండలు. తడి బియ్యప్పిండిని పాకంలో కలిపి, ఉండలు చుట్టి నూనెలో వేయించేవే పోకుండలు.  శుభకార్యాలకు చలిమిడి, వేసవిలో బెల్లం ఆవకాయ.

లేతరంగు దిమ్మకు ధర ఎక్కువ పలుకుతుందని రసంలో హైడ్రోస్ అనే తెల్లబరిచే మందు కలపడం అలవాటైంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ తెలుపు కొన్నాళ్లకు తగ్గిపోయి దిమ్మ మళ్లీ నల్లబడుతుంది, మందు మాత్రం లోపల మిగులుతుంది. అరిసెల పాకానికి తేనెరంగు, ముదురు రంగు బెల్లమే మేలు. కొట్లో అదే కావాలని అడిగి తీసుకోండి.