గేమ్ కన్సోళ్లలో పాయింటర్ నియంత్రణ – జర్మనీ

తెర మీద కావలసిన చోటును చేతిలోని సాధనంతో నేరుగా చూపించి ఆడే పద్ధతికి పాయింటర్ నియంత్రణ అని పేరు. బొటనవేలితో చిన్న స్టిక్‌ను నెట్టి గురిని జరుపుకుంటూ పోయే పద్ధతికి ఇది భిన్నం. పాయింటర్లు రెండు రకాలు. మొదటి రకానికి బయట ఒక స్థిరమైన గుర్తు ఉంటుంది. అది తెర మీది వెలుగు కావచ్చు, టీవీ దగ్గర పెట్టిన దీపాలు కావచ్చు. ఆ గుర్తును చూసి సాధనం తాను ఎటు తిరిగి ఉందో కనిపెడుతుంది. రెండో రకానికి అటువంటి ఆధారం లేదు. కిందటి క్షణం కంటే ఎంత కదిలిందో మాత్రమే దానికి తెలుసు. మౌస్, జైరోస్కోప్ ఈ రెండో రకానివి. 2006లో నింటెండో వీ కన్సోల్‌తో ఇళ్లలో విస్తృతంగా వ్యాపించిన మొదటి రకం ఇప్పుడు ప్రధాన కన్సోళ్లలో లేదు. దానిని తిరిగి తేవాలా వద్దా అనే చర్చను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ తేడా తెలియాలి. రెండు రకాల తొలి చరిత్రలోనూ జర్మనీ పేరు కనిపిస్తుంది.

వీడియో గేమ్ కన్సోల్‌కు ఆద్యుడైన రాల్ఫ్ బేర్ 1922లో నైరుతి జర్మనీలోని పిర్మాజెన్స్ ప్రాంతంలో పుట్టాడు. యూదు కుటుంబం కావడంతో అతనిని మామూలు బడి నుంచి వెళ్లగొట్టారు. 1938 నవంబరులో యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరగడానికి రెండు నెలల ముందు ఆ కుటుంబం అమెరికా చేరింది. అక్కడ బేర్ రేడియో, టెలివిజన్ సాంకేతికత నేర్చి, న్యూహాంప్‌షైర్‌లోని శాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణ పరికరాల సంస్థలో ఇంజనీరయ్యాడు. 1966 ఆగస్టు 31న న్యూయార్క్ బస్ స్టేషన్‌లో సహోద్యోగి కోసం ఎదురుచూస్తూ, మామూలు టీవీ మీద ఆటలు ఆడించే పెట్టె గురించి కొన్ని మాటలు రాసుకున్నాడు. మర్నాడు వాటిని నాలుగు పేజీలకు పెంచాడు.

ఆ నాలుగు పేజీల ఫలమే బ్రౌన్ బాక్స్. దాని తయారీలో బిల్ హారిసన్, బిల్ రష్ బేర్‌కు తోడుగా పనిచేశారు. పాయింటర్ చరిత్రకు ముఖ్యమైనది వారు దానికి జోడించిన తుపాకీ. బొమ్మ తుపాకీ ఒకటి కొని, విప్పి, గొట్టం లోపల వెలుగును పసిగట్టే సెల్ అమర్చారు. తెర మీది వెలుగు చుక్కకు గురిపెట్టి మీట నొక్కితే ఆ వెలుగు గొట్టంలో పడి చుక్క మాయమయ్యేది. మాగ్నవాక్స్ సంస్థ 1972లో ఈ పెట్టెను ఒడిస్సీ పేరుతో అమ్మకానికి పెట్టినప్పుడు తుపాకీని విడిగా అమ్మింది. తెరకు కాక గదిలోని బల్బుకు గురిపెట్టినా దెబ్బ తగిలినట్టే అది లెక్కవేసేది. ఆ లోపం ఉన్నా, ఇంట్లోని టీవీని వేలితో చూపినంత సహజంగా చూపి ఆడవచ్చని నిరూపించిన మొదటి సాధనం అదే.

రెండో రకానికి మూలం దక్షిణ జర్మనీలోని కోన్‌స్టాంట్స్ పట్టణంలో దొరుకుతుంది. అక్కడి టెలిఫుంకెన్ సంస్థలో రైనర్ మాలెబ్రైన్ బృందం విమాన రాకపోకలను చూసే సిబ్బంది కోసం రోల్‌కూగెల్ అనే సాధనం తయారుచేసింది. అది బల్లలో బిగించిన బంతి. అరచేతితో దొర్లిస్తే తెర మీద గుర్తు కదులుతుంది. బల్లకు రంధ్రం చేయడం ఎందుకని ఆ బంతిని తలకిందులు చేసి చేతిలో ఇమిడే డొప్పలో పెట్టారు. ఈ బంతి మౌస్ 1968 అక్టోబరు 2 నాటి కంపెనీ కరపత్రంలో కనిపిస్తుంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో తన మౌస్‌ను లోకానికి చూపింది అదే ఏడాది డిసెంబరు 9న. ఇందులో కొత్తదనం చాలదని జర్మన్ పేటెంట్ కార్యాలయం పేటెంట్ నిరాకరించింది. దాని విలువ తెలిసే నాటికి లోకం మౌస్‌ను అమెరికా సరుకుగానే ఎరిగింది.

తర్వాతి ఏళ్లలో తుపాకీ ఆటల విషయంలో జర్మనీ వరకు చెప్పుకోదగినది ఒకటే. పిల్లలు రాగల బహిరంగ స్థలాల్లో డబ్బు తీసుకుని ఆడించే వీడియో గేమ్ యంత్రాలు పెట్టకూడదని 1985 నాటి యువజన రక్షణ చట్టం శాసించింది. దాంతో తుపాకీ గురి ఆటలు పెద్దల హాళ్లలో, ఇంటి కన్సోళ్లలో మాత్రమే మిగిలాయి.

ఈలోగా పాయింటర్ భవిష్యత్తు కార్ల పరిశ్రమలో రూపుదిద్దుకుంటోంది. ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోవాలన్నా, మలుపులో కారు జారకుండా నిలవాలన్నా కదలికను కొలిచే చిన్న సెన్సర్ కావాలి. అటువంటి సెన్సర్ల కోసం సిలికాన్‌లో లోతైన, నిటారు గాడులు చెక్కే పద్ధతిని బాష్ సంస్థలో ఫ్రాంట్స్ లేర్మర్, ఆండ్రియా ఉర్బన్ 1990ల మొదట్లో కనిపెట్టారు. చిప్ పరిశ్రమలో ఈనాటికీ దానిని బాష్ ప్రక్రియ అనే పిలుస్తారు. 1995లో బాష్ సెన్సర్లతో మెర్సిడెస్ కారుకు స్థిరత్వ నియంత్రణ వచ్చింది. 1997లో స్వీడన్‌లో పరీక్ష చేస్తుండగా మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు బోల్తాపడింది. ఆ తర్వాత మెర్సిడెస్ ఆ చిన్న కారుకు కూడా ఈ ఏర్పాటును తప్పనిసరి చేసింది. అలా పెద్ద ఎత్తున తయారై చవకైన సెన్సర్లను ఫోన్లకు, ఆట వస్తువులకు అందించడానికి బాష్ 2005లో రాయిట్లింగెన్‌లో బాష్ సెన్సర్‌టెక్ సంస్థను నెలకొల్పింది. లేర్మర్, ఉర్బన్‌లకు 2007లో యూరోపియన్ ఆవిష్కర్త పురస్కారం దక్కింది.

వీ తయారీదారు నింటెండో యూరప్ ప్రధాన కార్యాలయం 2006లో బవేరియాలోని గ్రోసోస్ట్‌హైమ్‌లో ఉండేది. 2014లో ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. వీ కన్సోల్ జర్మనీలో 2006 డిసెంబరు 8న 249 యూరోల ధరకు విడుదలైంది. దానితో పాటు వచ్చే సెన్సర్ బార్ పేరుకు సెన్సరే గాని, అది దేనినీ పసిగట్టదు. రెండు చివరలా అయిదేసి పరారుణ దీపాలున్న సన్నని పట్టీ అది. అసలు కన్ను రిమోట్ ముందు భాగంలో ఉండే చిన్న కెమెరా. దానికి రెండు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు ఎటు జరిగాయో చూసి రిమోట్ ఎటు గురిపెట్టిందో లెక్కగడుతుంది. వాటి మధ్య ఎడం తగ్గితే చేయి టీవీకి దూరమైందని, వాటిని కలిపే గీత వాలితే మణికట్టు తిరిగిందని అర్థం. బేర్ తుపాకీకి వెలుగు తెర నుంచి రావాలి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల తెర వెలిగే తీరును, సమయాన్ని నమ్ముకుని చేసిన తుపాకులు పలుచని తెరల మీద పనిచేయవు. ఇక్కడ వెలుగు టీవీ పక్కన ఉంది కనుక ఏ టీవీ అయినా సరిపోతుంది. చాలా తెలివైన ఏర్పాటు. పట్టీ తీసేసి, అదే ఎడంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా గురిని చూపే బాణం తెర మీద నడుస్తుంది. క్రిస్మస్ ముందు ఆదివారాల్లో ఇంటింటా కొవ్వొత్తులు వెలిగే జర్మనీలో టీవీ దగ్గరి దీపం కెమెరాను తికమక పెట్టే అవకాశమూ అందులోనే ఉంది.

ప్రపంచమంతటా 10 కోట్లకు పైగా వీ కన్సోళ్లు అమ్ముడుపోయాయి. అయితే వాటితో ఊపడం, చూపడం అనే రెండు వేరు పనులు ఒకటే పేరు కింద కలిసిపోయాయి. వీ స్పోర్ట్స్ టెన్నిస్‌లో ఉన్నది ఊపడమే. అందులో గురి లేదు. రిమోట్‌ను ఆడించినంత మాత్రాన పని జరిగే చవకబారు ఆటలు వెల్లువెత్తి విసుగు పుట్టించాయి. ఆ విసుగు పాయింటర్‌కూ అంటుకుంది. ఇది పాయింటర్‌కు జరిగిన అన్యాయం. 2007 నాటి మెట్రాయిడ్ ప్రైమ్ 3, రెసిడెంట్ ఈవిల్ 4 వీ కూర్పు గురి విషయంలో స్టిక్ కంట్రోలర్‌ను ఎంతో మించిపోయాయి. జర్మనీలో దీనికి మంచి ఉదాహరణ 2009లో వచ్చిన వీ కూర్పు ఆన్నో. ద్వీపాల మీద ఊళ్లు కట్టి, ఓడలు నడిపే ఈ ఆటల వరుస అంతకుముందు దశాబ్దం పాటు ఎక్కువగా మౌస్‌తోనే సాగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కీన్ గేమ్స్ దానిని సోఫా మీదికి తెచ్చింది. ఇల్లు కట్టవలసిన చోటును రిమోట్‌తో చూపి మీట నొక్కితే చాలు. 2023లో వచ్చిన ఆన్నో 1800 కన్సోల్ కూర్పుకు పాయింటర్ లేదు. దానిని రూపొందించిన మైంట్స్ స్టూడియో స్టిక్‌కు తగినట్టు మెనూలన్నీ మళ్లీ అల్లుకోవలసి వచ్చింది.

తుపాకీ గురి ఆటల విషయంలో జర్మన్ వయోపరిమితి నిబంధనల ప్రభావం మళ్లీ కనిపించింది. వీ రిమోట్ కోసమే పుట్టిన హౌస్ ఆఫ్ ది డెడ్: ఓవర్‌కిల్‌ను 2009లో సెగా జర్మనీలో విడుదల చేయలేదు.

రిమోట్ రూపకల్పన హక్కుల మీద సాగిన వ్యాజ్యాలకూ జర్మన్ న్యాయస్థానాలే వేదికయ్యాయి. వీ ఉపకరణాల రూపాన్ని అనుకరించారని బిగ్‌బెన్ ఇంటరాక్టివ్ అనే సంస్థ మీద నింటెండో వేసిన దావాలో డ్యూసెల్‌డార్ఫ్ ఉన్నత న్యాయస్థానం యూరప్ న్యాయస్థానాన్ని చట్ట వివరణ అడిగింది. 2017 సెప్టెంబరు 27న వచ్చిన ఆ తీర్పును యూరప్ డిజైన్ చట్టంలో నేటికీ ఉదహరిస్తారు. అదే సంస్థపై మన్‌హైమ్ న్యాయస్థానంలో రిమోట్ పేటెంట్ కేసు విడిగా నడిచింది. 2010లో మొదలైన ఆ కేసులో నష్టపరిహారంపై ఆ న్యాయస్థానం తీర్పు వచ్చింది 2025లో. మొత్తం వడ్డీతో కలిపి 70 లక్షల యూరోలకు దగ్గర.

సోనీ మూవ్, మైక్రోసాఫ్ట్ కినెక్ట్ రెండూ 2010లో యూరప్‌కు వచ్చాయి. మూవ్ వెలిగే బంతిని కెమెరా చూసేది. కినెక్ట్‌కు చేతిలో ఏదీ అక్కరలేదు గాని, మీట కూడా లేకపోవడంతో సూక్ష్మమైన గురికి పనికిరాలేదు. అయితే ఒళ్లు కదిపి ఆడే పద్ధతికి జర్మన్ వృద్ధాశ్రమాల్లో నిలకడైన చోటు దొరికింది. హాంబర్గ్‌లోని రెట్రోబ్రెయిన్ సంస్థ రూపొందించిన మెమోర్‌బాక్స్‌లో పెద్దవాళ్లు కెమెరా ముందు కూర్చునో, నిలబడో బౌలింగ్ ఆడతారు, మోటార్‌సైకిల్ నడుపుతారు, ఉత్తరాలు పంచుతారు. బార్మర్ అనే ఆరోగ్య బీమా సంస్థ దీనికి అండగా నిలిచింది. కుర్చీలో ఉన్న మనిషి ఒక పక్కకు ఒరిగితే తెర మీద బండి అటు తిరుగుతుంది. వినోదం కంటే గొప్ప ప్రయోజనం ఇది.

వీ కన్సోల్‌లోనే పరారుణ పాయింటర్ వెనక్కి తగ్గడం మొదలైంది. 2009లో మోషన్‌ప్లస్ పేరుతో రిమోట్‌కు జైరోస్కోప్ తోడైంది. 2011లో వచ్చిన జెల్డా ఆట స్కైవర్డ్ సోర్డ్ తెర మీది గురికి సెన్సర్ బార్‌ను పక్కనపెట్టి జైరోనే వాడుకుంది. జైరో తిరిగే వేగాన్ని కొలుస్తుంది. ఆ వేగాలను కూడుతూ పోయి దిశను తెలుసుకోవాలి. ప్రతి కొలతలోని చిన్న తప్పు కూడా ఆ కూడికలో చేరుతుంది. కాసేపటికి చేయి తెర మధ్యకు చూపుతున్నా బాణం పక్కకు జరిగి ఉంటుంది. మీట నొక్కి మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి. నింటెండో 2017 నాటి కన్సోల్ స్విచ్ సెన్సర్ బార్‌ను పూర్తిగా వదిలేసి ఈ పద్ధతినే తీసుకుంది. సూపర్ మారియో గెలాక్సీ 2020లో స్విచ్‌కు వచ్చినప్పుడు నక్షత్రపు ముక్కలను ఏరుకునే బాణం జైరో మీదనే నడిచింది.

జైరోకు సొంత బలాలు లేకపోలేదు. టీవీ దగ్గర ఏదీ పెట్టనక్కరలేదు. రైల్లోనూ ఆడుకోవచ్చు. పెద్ద మలుపు స్టిక్‌తో తిప్పి, చివరి వెంట్రుకవాసి గురిని మణికట్టుతో సరిచేసే అలవాటు 2015 నాటి స్ప్లాటూన్‌తో వ్యాపించింది. ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థ క్రైటెక్ 2020లో క్రైసిస్‌ను స్విచ్‌కు తెచ్చినప్పుడు జైరో గురిని చేర్చింది. వాల్వ్ సంస్థ 2022లో విడుదల చేసిన స్టీమ్ డెక్‌లోనూ ఇది ఉంది. ఎక్స్‌బాక్స్ మామూలు కంట్రోలర్‌లో మాత్రం నేటికీ జైరో లేదు.

పాయింటర్ తిరిగి రావడాన్ని వ్యతిరేకించేవారు చూపే కారణాలలో బరువైనది శరీరానికి సంబంధించినది. చేయి ఎత్తి పట్టుకోలేనివారికి, వణుకు ఉన్నవారికి చూపి ఆడటం తప్పనిసరి అయితే ఆ ఆట అందనట్టే. కొలోన్‌లోని గేమింగ్ ఓనె గ్రెంట్సెన్ ప్రాజెక్టులో వికలాంగ యువతే ఆటలను పరీక్షించి, అవి ఎవరికి అందుబాటులో ఉన్నాయో చెబుతారు. ఈ అభ్యంతరానికి జవాబు పాయింటర్‌ను మానేయడం కాదు, దానితో పాటు స్టిక్‌నూ ఉంచడం. 2023లో స్విచ్‌కు వచ్చిన మెట్రాయిడ్ ప్రైమ్ రీమాస్టర్డ్ అదే చేసింది. స్టిక్, జైరో, వీ నాటి పాయింటర్ తీరు, వీటిలో నచ్చినదాన్ని ఆడేవారే ఎంచుకోవచ్చు. అయితే ఆ పాయింటర్ తీరు కూడా జైరో మీద నడిచేదే.

2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2లో జాయ్‌కాన్‌ను పక్కకు తిప్పి బల్ల మీద జరిపితే మౌస్‌లా పనిచేస్తుంది. కోన్‌స్టాంట్స్ బంతి మౌస్ కరపత్రంలో కనిపించిన దాదాపు 57 ఏళ్లకు మౌస్ వరుస కన్సోల్ కంట్రోలర్‌లోకి చేరింది. బేర్ తుపాకీ వరుస మాత్రం తెగిపోయింది. స్విచ్ 2, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో వేటితోనూ టీవీ దగ్గర స్థిరమైన గుర్తును చూసి పనిచేసే కంట్రోలర్ పెట్టెలో రావడం లేదు. కంట్రోలర్‌లో జైరో ఇప్పటికే ఉన్న కన్సోళ్లకు తక్కువైనవి చిన్న కెమెరా ఒకటి, దీపాల పట్టీ ఒకటి మాత్రమే.