ప్రయోగమను పరీక్ష: సురభి నాటక సమాజములు

ఆంధ్ర నాటక వాఙ్మయమును గూర్చి చరిత్రములు వ్రాసినవారు తఱుచుగా కవినే ప్రధానముగా గైకొని, నాటక మెన్నడు రచింపబడినది, దాని మూలమేది, అందలి ప్రధానరసమేది యను ప్రశ్నలకు సమాధానములు చెప్పి తృప్తి నొందుచుందురు. ఆ నాటకము రంగమున కెక్కినపు డెవ రాడిరి, ఏ సాధనములతో నాడిరి, సభ్యు లెట్లు గ్రహించిరి యను విషయములు వారి గ్రంథములందు పుటల యడుగున సూచికలుగానే మిగిలిపోవును. ఇందువలన నొక పెద్ద లోపము కలిగినది. గ్రంథకర్తృత్వముచేత గాక ప్రయోగముచేతనే ప్రసిద్ధి కెక్కి, 1885వ సంవత్సరము మొదలు నేటివఱకు నాటకములాడుటయే జీవనముగా గల సురభి నాటక సమాజములకు మన సాహిత్య చరిత్రమున దగిన స్థానము లభింపలేదు.

నేటి విమర్శకులు నాటకములను రెండు రాసులుగా విభజించుచున్నారు. పద్యములు, చిత్రించిన తెరలు, హార్మోనియము గలవి సంప్రదాయ నాటకములట. తెరలును పద్యములును లేక కొలదిమంది నటులతో నూతన రీతి నాడబడునవి ప్రయోగ నాటకములట. ఈ విభాగము వ్యవహారమునకు సుకరమే కాని శబ్దార్థమును విచారించినచో నిలువదు. మన లక్షణకారులు ప్రయోగమని పేర్కొనినది నాటకము నాడుటనే. శాస్త్రమున జెప్పబడినది రంగమున నెట్లు ఫలించునో చూచుటయే ప్రయోగము. కావున నాడబడిన ప్రతి నాటకమును ప్రయోగమే. ఆడిన ప్రతి రాత్రియు పరీక్షయే. ఈ రెండర్థములును విడివడక యొక్కచో నిలిచిన దృష్టాంతము సురభివారి చరిత్రమని నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ప్రయోగమునకు పరీక్ష గలదనుట నూతన కల్పన కాదు. భరతుని నాట్యశాస్త్రమున 27వ అధ్యాయము సిద్ధిని గూర్చినది. సిద్ధి మానుషి, దైవికి యని రెండు విధములు. సభ్యుల చిఱునవ్వు, పెద్దనవ్వు, సాధువాదము, గగుర్పాటు, ఆసనములనుండి లేచుట, వస్త్రముల నొసగుట మున్నగునవి మానుషసిద్ధికి లక్షణములు. సిద్ధికి గలుగు విఘాతములును అందే చెప్పబడినవి. నటులలో స్పర్ధ పుట్టినపుడు తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను నియమింపవలయును. వారు యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విద్యానిపుణుడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు నని పదుగురు. ఏ విషయమున నెవనికి బాండిత్యము గలదో యా విషయముననే వాని తీర్పు చెల్లును. గుణదోషములను లెక్కించి యధికుడైనవానికి పతాక నొసగవలయునని విధి.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున నీ విధినే కథగా మలచెను. గణదాస హరదత్తులను నాట్యాచార్యు లిరువురు తమలో నెవ డధికుడను వాదముతో రాజసన్నిధికి వత్తురు. మధ్యస్థగా నున్న పరివ్రాజిక కౌశికి, వాదముతో బనిలేదు, శిష్యుల ప్రయోగమే చూడవలయునని నిర్ణయించును. గణదాసుని శిష్యురాలు మాళవిక యాడును. అంతలో వైతాళికులు మధ్యాహ్నమైనదని చాటగా హరదత్తుని వంతు నిలిచిపోవును. స్పర్ధ ముగియలేదు, అయినను సభ్యులకు రసానుభవము కలిగినది. నాటకమున స్పర్ధకు పరమప్రయోజనము జయాపజయములు గావనియు, ప్రయోగమును మెఱుగుపెట్టుటయే యనియు దీనివలన గ్రహింపనగును.

తెలుగువారిలో నీ స్పర్ధ పలు తెఱగుల నడచినది. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి (1853–1912) సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి (1854–1919) సుమనోరమ సభయు నొకే పట్టణమున బోటీపడి పనిచేసినవి. ఒకరు పౌరాణికములను సంగీతముతో సంపన్నము చేయగా, మఱియొకరు చరిత్రేతివృత్తములను రంగమున కెక్కించిరి. అటుపిమ్మట కంట్రాక్టు నాటకముల కాలము వచ్చినది. వేఱువేఱు సమాజములకు జెందిన ప్రసిద్ధ నటులను కంట్రాక్టరు లొక రాత్రికి గూర్చి యాడించుటయు, ఒకే నాటకమున నిద్దఱు ముగ్గురు శ్రీకృష్ణులు ఘట్టమున కొకరుగా వచ్చుటయు నలవాటయ్యెను. సభ్యులు వన్స్ మోర్ అని కేక వేయగా పాడిన పద్యమునే మరల బాడుటయు గలదు. భరతుడు చెప్పిన మానుషసిద్ధికి మన పల్లెలలో నేర్పడిన రూపమిది. ఇక 1929వ సంవత్సరమున తెనాలిలో నాంధ్ర నాటక కళాపరిషత్తు స్థాపితమైనది. నియమిత కాలమున నాడి, న్యాయనిర్ణేతల తీర్పునుబట్టి బహుమతులు గొను పోటీ నాటకములకు క్రమముగా పరిషత్తు నాటకములను పేరు రూఢమయ్యెను.

వీనియందు మొదటిది సమాజముల స్పర్ధ, రెండవది నటుల స్పర్ధ, మూడవది బహుమతికై చేయు స్పర్ధ. సురభివారికి గలిగిన పరీక్ష యీ మూటికిని భిన్నము. వారికి ప్రాశ్నికుడు టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడే. అతడు మెచ్చినచో సమాజమున కొక దినము భోజనము గడచును. మెచ్చనిచో డేరా విప్పి మఱొక యూరికి బోవలయును.

కడప మండలమున సురభి యను గ్రామము గలదు. 1885వ సంవత్సరమున నందు వనారస గోవిందరావుగారు తమ కుటుంబమువారితో గీచకవధ నాటకము నాడిరి. ఒక వివాహ సందర్భమున గ్రామపెద్దల కోరికపై నాడిరని చెప్పుదురు. ఆ గ్రామనామమే సమాజమునకు బేరయ్యెను. వీరి పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చినవారు. తోలుబొమ్మలాట వీరి కులవిద్య. ఈ విషయ మత్యంత ప్రధానమైనది. తోలుబొమ్మలాటలో దీపమునకును తెరకును నడుమ బొమ్మ యుండును. కథ చెప్పువా డా బొమ్మకు వెనుకనుండి గొంతు నిచ్చును. సభ్యులకు గనబడునది రంగుల నీడయే. బొమ్మలను ప్రక్కకు బెట్టి, తెరను దాటి, తమ శరీరములనే దీపముల వెలుతురున నిలిపిన దినమున సురభివారు చేసిన మార్పు సామాన్యమైనది కాదు. కథకుడు పాత్రయయ్యెను. ఇంతకంటె సాహసమైన ప్రయోగ మా శతాబ్దమున తెలుగు రంగమున మఱొకటి యరుదు.

స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వీరిలో మొదటినుండియు నున్న యాచారము. ఇతర సమాజములలో పురుషులే స్త్రీవేషములు ధరించి కీర్తి గాంచుచున్న కాలమున నిది సాధ్యమగుటకు గారణమేమి? తోలుబొమ్మలాటలో స్త్రీబొమ్మలకు ఇంటి యాడువారే గొంతు నిచ్చు వాడుక గలదు. తెర వెనుక బాడిన కంఠమే తెర ముందునకు వచ్చినదని యూహించుట సమంజసముగా దోచుచున్నది. మఱియు సమాజమంతయు నొక్క కుటుంబమగుటచే లోకాపవాదమునకు వెఱచు నక్కఱ తగ్గినది. సంతానము పెరిగినకొలది సమాజములును శాఖలుగా విస్తరిల్లి, ఒకప్పుడు పదులకొలది యయ్యెను. తొలి తెలుగు టాకీయైన భక్తప్రహ్లాదయందు (1932) లీలావతి పాత్రను ధరించిన సురభి కమలాబాయి యీ కుటుంబమునుండి వచ్చినదే. ఆ చిత్రమునకు ధర్మవరమువారి నాటక మాధారము. బళ్లారి కవి రచనయు, సురభి నటి యభినయమును వెండితెరపై గలిసిన ఘట్టమిది.

సురభివారి యద్భుత దృశ్యములను గూర్చి పండితులు కొంద రాక్షేపణ చేయుదురు. మాయాబజారున ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు తమంత దామే యెగిరి ప్రవేశించుటయు, నారదుడు మేఘములనుండి దిగుటయు, బాణములు నడుమ దాకి నిప్పులు గ్రక్కుటయు బాలుర వినోదమునకే గాని రసపోషకములు గావని వారి మతము. ఈ యాక్షేపణమునకు సమాధానము శాస్త్రముననే గలదు. అభినయములు నాలుగింటిలో నాహార్య మొకటి. అందు పుస్తమను భాగమును భరతుడు సంధిమ, వ్యాజిమ, వేష్టిమములని మూడు విధములుగా జెప్పెను. యంత్రముచేత గదలింపబడునది వ్యాజిమము. సన్నని తీగలతోను, కప్పీలతోను, తెర వెనుక నిలిచినవారి హస్తలాఘవముతోను సురభివారు సాధించునది యీ వ్యాజిమమే. తోలుబొమ్మను ద్రాటితో నాడించిన చేయియే నారదుని మేఘమును దించుచున్నది. బొమ్మ పోయినను సూత్రము పోలేదు. నాటకమును నడపువానిని సూత్రధారుడనుట వీరిపట్ల నక్షరార్థముననే చెల్లును.

టాకీలును, పిమ్మట టెలివిజనును వచ్చి డేరా నాటకములకు ప్రేక్షకులను దగ్గించినవి. సమాజములు క్షీణించి నేడు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. ప్రభుత్వము నివాసమునకు స్థల మొసగగా నీ కుటుంబములలో బెక్కులు హైదరాబాదునకు పడమట శేరిలింగంపల్లిలో స్థిరపడినవి. ఆ వాడకు సురభి కాలనీ యని పేరు. దానికి సమీపమున 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమును, అందు రంగస్థల కళల శాఖయు గలవు. అల్లంత దూరమున మాదాపురమున 1998 నవంబరు 22వ తేదీని సైబర్ టవర్సు ప్రారంభింపబడినది మొదలు హైటెక్ సిటీ పెరిగి, ఆ ప్రాంతమంతయు సైబరాబాదను పేర వ్యవహరింపబడుచున్నది. దేశదేశముల కంప్యూటరు వ్యవహారములు నడచు గాజుమేడల చెంతనే, త్రాళ్లను కప్పీలను నమ్మి జీవించు నొక రంగము నిలిచియుండుట చరిత్రకారునకు విస్మయావహము.

ఈ కాలముననే సురభివారి చరిత్రమున మఱియొక ప్రయోగము జరిగినది. కన్నడ దేశీయుడును, జాతీయ నాటక విద్యాలయమునకు డైరెక్టరుగా బనిచేసిన వాడును నగు బి.వి. కారంతు (1929–2002) వీరితో గలిసి భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ యను మూడు నాటకములను సిద్ధపఱచెను. వీనిలో గడపటిది జర్మను నాటకకర్త బ్రెహ్టు రచించిన, సెజువాను పట్టణపు మంచి మనిషి కథకు తెలుగు రూపము. కారంతు బాల్యమున గుబ్బి వీరన్నగారి నాటక కంపెనీలో బెరిగినవాడు. కంపెనీ నాటకముల బలమును లోపలినుండి యెఱిగినవాడు. కావున నాతడు వీరిని నూతన శిష్యులుగా గాక సవిద్యులుగా జూచియుండును. మూలమున దేవతలు భూమిపై నొక మంచి మనిషిని వెదకుచు వత్తురు. దేవతలను రంగమునకు దించుటలో నూఱేండ్ల యభ్యాసము గలవారి కట్టి కథ పరాయిది కాదు. బ్రెహ్టు కోరినది సభ్యుడు తాను నాటకము చూచుచున్నానని మఱవకుండుట. సురభి ప్రేక్షకుడును తీగ యున్నదని యెఱిగియే ముగ్ధుడగును. తీగ కనబడనందుకు నటుని మెచ్చుకొనును. ఇట్లు నవీనులు సిద్ధాంతముగా జెప్పినదానిలో గొంత మన డేరాలలో నలవాటుగా నుండెననుట యతిశయోక్తి గాదు.

సమాజమునకు జిరకాలము నాయకులై, కారంతు ప్రయోగములకు దోడ్పడిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, అనగా సురభి బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ సంవత్సరమే సురభివారు ఫ్రాన్సు దేశమున మెట్జ్ నగరమందలి నాటకోత్సవమున బ్రదర్శనము లిచ్చిరి. తెలుగు తెలియని సభ్యులు సైతము వారి యాటను జూచిరి. బాబ్జీగారు 2022లో దివంగతులైరి.

ఈ మరణముతో మన ముందు నిలుచు ప్రశ్న చిన్నది కాదు. నాటకగ్రంథము తాళపత్రమునందో ముద్రణమునందో నిలిచియుండును. కవి పోయినను కావ్యము మిగులును. ప్రయోగ మట్లు గాదు. ఏ తీగ నెంత బిగింపవలయును, ఏ పద్యాంతమున మేఘము గదలవలయును, బాల నటునకు తొలి మాట నెట్లు నేర్పవలయును అను విద్య తండ్రి చేతినుండి కుమారుని చేతికి మాత్రమే వచ్చుచున్నది. ఆ కుమారుడు విద్యాధికుడై ప్రక్కనున్న గాజుమేడలో నుద్యోగము జూచుకొన్నచో నాతనిని దూఱుట న్యాయము గాదు. కాని యా విద్య వ్రాతలోనికి రాకమునుపే యంతరించినచో నది పండితలోకము వహింపవలసిన లోపము.

సురభిని ప్రాచీన సంపదయని కీర్తించి ప్రదర్శనశాలలోని విగ్రహమువలె నిలుపుటయు వారి కుపకారము గాదు. బొమ్మలనుండి వేషములకు, వేషములనుండి బ్రెహ్టునకు నడచిన సమాజము నిలుకడచేత గాక మార్పుచేతనే బ్రదికినది. కావున సాహిత్య పరిశోధకులు కవిజీవితములకై పడు శ్రమలో గొంత భాగము నీ సమాజముల ప్రయోగ విధానమును నమోదు చేయుటకు వినియోగింతురుగాక. వృద్ధనటుల నోటనుండి రాగవరుసలను, యంత్రరచనను, ఘట్టవిభాగమును, సంచార మార్గములను వినుచు వ్రాసి, పటములతో బ్రకటించినచో భరతుని వ్యాజిమమునకు తెలుగున నొక వ్యాఖ్యానము లభించును. పాఠశాలల పండితులును తమ విద్యార్థులను నాటకపాఠము చెప్పిన పిదప నొకసారి యా రంగమునకు గొనిపోయినచో, పుస్తకమందలి పద్యమునకును కంఠమందలి పద్యమునకును గల భేదము వారికి దమంత దామే తెలియును. గణదాస హరదత్తుల వివాదమున కౌశికి చెప్పిన తీర్పే యిచటను బ్రమాణము: వాదము వలదు, ప్రయోగమును జూడవలయును.