పంచమ శబ్దమును ద్రోసిపుచ్చిన సభ

హైదరాబాదు నగరమునకు దక్షిణమున గుట్టమీద ఫలక్‌నుమా సౌధము గలదు. ఆ పేరునకు ఆకాశదర్పణమని యర్థము చెప్పుదురు. వికారుల్ ఉమ్రా ప్రభువు 1884లో దాని నిర్మాణ మారంభించెను. ఆ పని సాగుచుండగనే, 1888లో, అదే నగరమున నొక మాలకుటుంబమున మాదరి భాగయ్యగారు జన్మించిరి. ప్రభువు తన యింటికి దనకు నచ్చిన పేరు పెట్టుకొనగలిగెను. భాగయ్యగారు పుట్టిన జాతికి మాత్రము పేరు పెట్టువారు పరులే. ఆ పరులిచ్చిన పేరును దొలగించి, తామెవరో తామే చెప్పుకొను హక్కును సాధించుట యాయన జీవితకార్యమయ్యెను. ఆయనయే పిమ్మట భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధి కెక్కిరి.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్మిత్రమండలిని స్థాపించిరి. అది 1911లో మన్యసంఘమయ్యెను. కల్లు సారాయములు మానుడనియు, ఆడుబిడ్డలను దేవదాసీలుగ విడువకుడనియు వాడవాడల బోధించిరి.

1917 నవంబరులో బెజవాడయందు పంచమ మహాజనసభ జరిగెను. గూడూరు రామచంద్రరావుగారు మున్నగు సంస్కర్తలు దానికి దోడ్పడిరి. అధ్యక్షత వహించిన వర్మగారు సభ పేరునే ప్రశ్నించిరి. పంచమశబ్దమునకు బురాణాదులయందు దావు లేదనియు, ఈ జనులే దేశమునకు మొదటి నివాసులనియు వాదించిరి. నిజమునకు మనుస్మృతి పదియవ యధ్యాయమున వర్ణములు నాలుగే యనియు, ఐదవది లేదనియు స్పష్టముగ నున్నది. ఆ స్మృతిని బ్రమాణమని చెప్పినవారే లేని యైదవ వర్ణమును గల్పించి, కోట్లకొలది జనులను దానిలోనికి ద్రోసిరి! పంచమసభగా నారంభమైనది ఆది ఆంధ్ర మహాజనసభగా ముగిసెను.

పేరు మారినంతమాత్రమున నేమగునని మనలో గొందఱు పెదవి విఱచుదురు. పంచముడనగా నలుగురి తరువాత జేర్చబడినవాడు. ఆది యనగా నందఱికంటె ముందున్నవాడు. మొదటి పేరుతో నడిగినది దయ. రెండవ పేరుతో నడిగినది హక్కు. 1922లో మద్రాసు ప్రభుత్వము పంచమాది శబ్దములకు మాఱుగా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామములను గైకొనెను. నైజాం రాజ్యమున 1931 జనాభా లెక్కలయందు ఆది హిందువులను పేరు నమోదయ్యెను.

అయినను వర్మగారు పేరుతోనే తృప్తినొందలేదు. 1910లోనే ఇసామియా బజారున బడి పెట్టిరి. ఉర్దూ రాజభాషగా నున్న కాలమున దమ పిల్లలకు దెలుగున జదువు చెప్పించిరి. ఆ పాఠశాలలు క్రమముగ నిరువదికి మించెను. అక్షరము రాని పిల్లవాడు తనకెంత గౌరవమైన పేరున్నను, లెక్కల గుమాస్తా దానిని సరిగా వ్రాసెనో లేదో చూచుకొనలేడు గదా!

ఈ యుద్యమమునకు లోపములు లేకపోలేదు. ఆది యను నొక్క పేరు మాలమాదిగల నడుమనున్న యెడమును దీర్పజాలదయ్యెను. 1939లో వర్మగారు గతించిరి. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే నస్పృశ్యతను రద్దుచేసెను. కాని యింటిపనికి వచ్చినవారికి వేఱు గిన్నె నుంచు తల్లిని, కులము పేరును దిట్టుగా వాడు తండ్రిని జూచి బిడ్డలు నేర్చునది యే శాసనమును దుడిచివేయజాలదు. పాఠకమహాశయులారా, బెజవాడసభ తన మీద బడిన పేరును తాను ద్రోసిపుచ్చినది. మన నోటనున్న పేళ్లను మానవలసినవారము మనమే.