సొంత ఊళ్లో ఆడని జట్లు

2005 ఫిబ్రవరి 16న ఉత్తర అమెరికాలోని మంచు హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆ ఏటి సీజన్‌ను పూర్తిగా రద్దు చేసింది. జీతాల పరిమితి దగ్గర యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ పొసగలేదు. అదే చలికాలంలో హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో ప్రీమియర్ హాకీ లీగ్ పుట్టింది. భారత హాకీ సమాఖ్య, ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్ కలిసి నడిపిన ఆ పోటీలో జట్లకు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, జలంధర్ అంటూ ఊళ్ల పేర్లు పెట్టారు. తొలి సీజన్ ఆటంతా మాత్రం గచ్చిబౌలిలోనే జరిగింది. జాతీయ క్రీడలు, ఆఫ్రో-ఏషియన్ క్రీడలు అప్పటికే అక్కడ జరిగాయి కాబట్టి టర్ఫ్, దీపాలు, గ్యాలరీ సిద్ధంగా ఉన్నాయి. టీవీ ప్రకటనలకు వీలుగా 70 నిమిషాల ఆటను పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య తన పోటీల్లో నాలుగు క్వార్టర్ల పద్ధతి తెచ్చింది 2014లో. తొలి టైటిల్ హైదరాబాద్ సుల్తాన్స్‌దే. చేతిలో డబ్బు, మైదానాలు తక్కువగా ఉన్నప్పుడు సీజన్‌ను ఎలా కుదించుకోవాలో మన ఊరే ముందు చూపించింది. ఆ ఘనతను తగ్గించి చెప్పాల్సిన పని లేదు. కానీ గండం గట్టెక్కడానికి పనికొచ్చిన ఉపాయాన్నే ఏళ్ల తరబడి పద్ధతిగా పెట్టుకోవడం మన లీగ్‌ను వేరు పట్టనివ్వలేదని నా వాదన.

అదే ఉపాయం ఇంకోచోట ఎలా నడిచిందో చూస్తే తేడా తెలుస్తుంది. 1919లో ఫ్లూ సోకి మంచు హాకీ స్టాన్లీ కప్ ఫైనల్ మధ్యలోనే ఆగిపోయింది. మాంట్రియల్ ఆటగాడు జో హాల్ ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. నూరేళ్ల తర్వాత కోవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చిలో ఎన్‌హెచ్‌ఎల్ ఆట ఆపింది. ఆగస్టులో 24 జట్లను టొరంటో, ఎడ్మంటన్ నగరాల్లో రెండు శిబిరాల్లో ఉంచి, ప్రేక్షకులు లేకుండా మిగతా పోటీ నడిపించింది. మరుసటి సీజన్‌ను 82 మ్యాచ్‌ల నుంచి 56కు తగ్గించింది. సరిహద్దు మూసి ఉండటంతో ఏడు కెనడా జట్లనూ ఒకే విభాగంలో చేర్చింది. జట్లు అప్పటికే తమ ఊళ్లలో ఆడుతున్నాయి, ఆ తర్వాతి అక్టోబరుకల్లా 82 మ్యాచ్‌ల పట్టిక కూడా తిరిగొచ్చింది. వాళ్లకు తిరిగి వెళ్లడానికి దశాబ్దాలుగా అలవాటైన మైదానాలు, టికెట్ కొనే జనం ఉన్నారు. అందుకే ఆ సర్దుబాటు తాత్కాలికంగానే మిగిలింది.

మన దగ్గర ప్రతి లీగూ ఏదో ఒక చిక్కుతోనే మొదలైంది. 2011 డిసెంబరులో రావలసిన వరల్డ్ సిరీస్ హాకీ, ఒలింపిక్ అర్హత పోటీలు ముగిసేదాకా ఆగి 2012 ఫిబ్రవరి 29న మొదలైంది. 2013 జనవరిలో హాకీ ఇండియా లీగ్ తొలి సీజన్ తెరుచుకునేసరికి నియంత్రణ రేఖ వద్ద ఉద్రిక్తత. తొమ్మిది మంది పాకిస్థాన్ ఆటగాళ్లను వెనక్కి పంపి, మిగిలినవాళ్లతోనే పోటీ పూర్తి చేశారు. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు, ప్రపంచ కప్ వరుసగా ఉన్నాయని ఆ ఏడాది విరామమన్నారు. ఆ విరామం 2024 డిసెంబరు దాకా సాగింది. మళ్లీ మొదలైనప్పుడు పురుషుల మ్యాచ్‌లకు రూర్కెలా, మహిళల మ్యాచ్‌లకు రాంచీ కేంద్రాలయ్యాయి. ఆరు మహిళా జట్లు అనుకున్నది నాలుగుతో సరిపెట్టారు. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి 4-3తో బెంగాల్ జట్టు చేతిలో ఓడింది. తమ ఊరి పేరున్న జట్టు అంత గొప్పగా ఆడుతుంటే, హైదరాబాదీలు గ్యాలరీలో కూర్చుని చూసే భాగ్యానికి నోచుకోలేదు. విశాఖపట్నం జట్టు గోనాసిక ఒక్క మ్యాచ్ కూడా విశాఖలో ఆడలేదు. మరుసటి సీజన్‌కు దాని స్థానంలో రాంచీ రాయల్స్ వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, ఊరూరా తిరిగి ఆడిన వరల్డ్ సిరీస్ హాకీ ఒక్క సీజన్‌తోనే ముగిసింది కదా అని. నిజమే. అయితే దానికి అధికారిక జాతీయ సంస్థ హాకీ ఇండియా గుర్తింపు లేదు, ఆ గొడవలోనే అది నలిగిపోయింది. గుర్తింపు ఉన్న లీగ్ 2013 నుంచి 2017 దాకా జట్ల ఊళ్లలో ఆడుతూనే ఐదు సీజన్లు నడిచింది. రెండోది ఖర్చు. టర్ఫ్ నిర్వహణ, కెమెరాల బృందం, విదేశీ ఆటగాళ్ల ప్రయాణాలు ప్రతి ఊళ్లోనూ పెట్టుకుంటే మోయలేమంటారు. ఈ మాటలో బలముంది. ఒడిశా, జార్ఖండ్ ప్రభుత్వాలు అండగా నిలవకపోతే లీగ్ తిరిగి లేచేదే కాదు, ఆ రుణం ఆట ఎప్పటికీ మరవకూడదు. కానీ సొంత ఊళ్లో టికెట్ అమ్ముకోలేని జట్టుకు స్థానిక వ్యాపారి ప్రకటన ఎందుకిస్తాడు? ఆదాయానికి దారి మూసేసి, నష్టం వస్తోంది కాబట్టి ఊళ్లకు పోలేమంటే లెక్క ఎప్పటికీ తేలదు. మూడోది, అన్నిచోట్లా సౌకర్యాలు లేవని. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగాయి. జాతీయ పోటీలకు సరిపోయిన మైదానంలో లీగ్ మ్యాచ్‌లు రెండు ఆడించలేమా?

పట్టికంతా మార్చమని కాదు. ఎక్కువ మ్యాచ్‌లు రెండు మూడు కేంద్రాల్లోనే పెట్టుకుని, ప్రతి జట్టుకూ తన ఊళ్లో, కుదరకపోతే దగ్గరి ఊళ్లో ఒక శని, ఆదివారం కేటాయిస్తే చాలు. 2026 జనవరిలో పురుషుల పోటీ చెన్నైలో మొదలై, రాంచీ, భువనేశ్వర్‌లకు మారడం ఆ దారిలో మొదటి అడుగు. సొంత ఊళ్లో ఆడితే చుట్టుపక్కల ఊళ్లకూ ఆట అందుతుంది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ జట్టు కర్ణాటక లయన్స్ బెంగళూరులో ఆడినప్పుడు, కోలారు బంగారు గనుల ప్రాంతంలోని ఊరిగాం వాళ్లకు రైలెక్కి వెళ్లి ఆట చూసే వీలుండేది. 2001లో గనులు మూతపడ్డాక పని కోసం రోజూ ఆ రైలే ఎక్కుతున్న ఊరిది. బెంగళూరు దానికి దూరం కాదు. తిరిగి మొదలైన లీగ్‌లో కర్ణాటకకు జట్టే లేదు. కొత్త జట్లకు పిలుపు వచ్చినప్పుడు బెంగళూరును తీసుకోవాలి, తీసుకున్నాక కనీసం రెండు మ్యాచ్‌లైనా ఆ ఊళ్లోనే ఆడాలని ఒప్పందంలో రాయించాలి.