హోసూరు సీమలో రాచపుండు చికిత్సయు, ప్రభుత్వ బీమా చరిత్రయు

రాచపుండనియు, పుట్టకురుపనియు మన పెద్దలు పిలిచిన వ్యాధినే నేడు క్యాన్సరు అనుచున్నాము. తమిళులు దీనిని పుఱ్ఱునోయ్ అందురు. వారి పుఱ్ఱు, మన పుట్ట ఒక్కటే. రోగము పేరు ఇరుభాషలందును ఏకమూలమే గాని, చికిత్సకు సర్కారు సొమ్ము లభించుట మాత్రము చేతనున్న కుటుంబ కార్డు ఏ రాష్ట్రముదను దానిపై ఆధారపడి యున్నది. ఒకప్పుడు సేలము జిల్లాలోను, 1965 నుండి ధర్మపురి జిల్లాలోను ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరిన హోసూరువాసులకు ఇది ఊరక చర్చించు విషయము కాదు. బెంగుళూరు ఇచ్చటికి సుమారు నలువది కిలోమీటర్లు, చెన్నపట్టణము మున్నూరు.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి, తన సోదరి ఈ వ్యాధివలన మరణించుటచే మనసు కలగి, 1954లో అడయారునందు క్యాన్సరు సంస్థను నెలకొల్పెను. అది పండ్రెండు పడకలతో ఆరంభమయ్యెను. డాక్టరు వి. శాంత 2021లో కన్నుమూయువరకు తన జీవితమును ఆ సంస్థకే ధారపోసెను. బెంగుళూరు కిద్వాయి సంస్థ 1973లో ఏర్పడినది. ఇట్టి చోట్ల పేదలకు చికిత్స దాతల ధర్మమువలనను, ప్రభుత్వ గ్రాంట్లవలనను జరుగుచుండెను. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము కర్మాగార కార్మికులకు వైద్యమును హక్కుగా చేసినది. హోసూరులో యంత్రశాలలు పెరిగిన పిదప మనవారిలో పలువురు దాని నీడకు చేరిరి. రాగిచేను దున్ను రైతునకు, మామిడితోట కూలికి ఆ నీడ లేకుండెను.

ఆ లోటు తీర్చు మార్గమును మొదట ఆంధ్రదేశము చూపినదనుట అతిశయోక్తి కాదు. 2007 ఏప్రిలులో అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. తమిళనాట 2009 జూలైలో కలైఞర్ పేర ఒక పథకము వెలసినది. దాని స్థానమున 2012 జనవరిలో ముఖ్యమంత్రి సమగ్ర వైద్యబీమా వచ్చెను. తమిళమున పథకమును తిట్టము అందురు. మన వృద్ధులు ఆ మాట విని నవ్వుకొందురు గాని, మన దిట్టము అను పదము జ్ఞప్తికి తెచ్చుకొన్నచో అర్థము సులభముగా పట్టుబడును. ఆనాడు ఏటికి 72,000 రూపాయలకు లోబడిన ఆదాయము గల కుటుంబములు అర్హములు. తరువాత ఆ పరిమితి 1,20,000కు పెరిగినది. ఆరంభమున కుటుంబమునకు ఏటా లక్ష రూపాయలు, కొన్ని చికిత్సలకు లక్షన్నర. 2018లో కేంద్రపు ఆయుష్మాన్ భారత్‌తో జతపడిన పిమ్మట అది ఐదు లక్షలైనది.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. ఈ మొత్తము రోగికి కాదు, కుటుంబమంతటికిని. శస్త్రచికిత్స ఒకనాటితో ముగియును. కిరణచికిత్స వారములు, మందుల చికిత్స నెలలు సాగును. ఒకే ఇంట ఇరువురు మంచము పట్టినచో ఆ సొమ్మునే ఇరువురును పంచుకొనవలెను. డబ్బు చేతికి రాదు. ఆసుపత్రివారు ముందుగా అనుమతి పొంది, నేరుగా రాబట్టుకొందురు. బస్సు ఛార్జీలు, తోడు వెళ్లినవారు పోగొట్టుకొన్న కూలి ఇంటివారి నెత్తినే పడును.

తల్లి కృష్ణగిరిలోను, కూతురు కుప్పములోను, కుమారుడు బెంగుళూరులోను ఉండుట మన ఇండ్లలో సామాన్యము. తల్లి వైద్యమునకు కూతురింట దిగినంతమాత్రమున ఆంధ్రరాష్ట్రపు వైద్యపథకము వర్తింపదు. కుమారుని కన్నడ కార్డును ఆమెకు పనికిరాదు. కేంద్రపు జాబితాలో పేరున్న కుటుంబమునకు మాత్రము, ఆ పథకమున చేరిన ఇతర రాష్ట్రపు ఆసుపత్రిలో చికిత్స పొందు వీలు 2018 నుండి కలదు. కావున సరిహద్దు దాటుటకు ముందే ఆ జాబితాలో తమ పేరున్నదా, వెళ్లదలచిన ఆసుపత్రి పథకమున చేరినదా అని విచారించుకొనవలెను.

కార్డుపై వ్రాత తమిళము. తెలుగు బడులలో చదివిన పెద్దలకు అది కొరుకుడుపడదు. 2006 నాటి తమిళ విద్యాచట్టము మన భాషకు చేసిన చేటు వేరు సంగతి. దానివలన మనుమలు మాత్రము తమిళము చదువగలుగుచున్నారు. కుటుంబ కార్డు, ఆదాయ ధ్రువపత్రము, ఆధారు పట్టుకొని కృష్ణగిరి కలెక్టరు కార్యాలయమునకు నమోదుకై పోవు తాతల వెంట చదివి చెప్పుటకు వారే పోవుచున్నారు.