తెరచాప పడవ - ఎదురుగాలికి మార్పులు

సూర్యలంక, వాడరేవు (2022 నుంచి బాపట్ల జిల్లా), కొత్తపట్నం (ప్రకాశం) తీరాల్లో చిన్న పడవను ఇసుక మీదికి లాగక తప్పదు. అందుకే తెప్పలకు అడుగున లోతైన పలక బిగించరు. ఎదురుగాలిలో ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ సాగుతుంది. లోతు లేని పడవ ఈ క్రమంలో ముందుకు పోయినంతా పక్కకు జారి పోగొట్టుకుంటుంది. దీనికి మేలైన మందు పైకి లాగే పలక. నడుమ గాడిలోంచి దించవచ్చు, లేదా నెదర్లాండ్స్ పడవల్లా పక్కల వేలాడదీయవచ్చు. నీటిలో దాని వైశాల్యం చాపలో 4 శాతం ఉంటే చాలు: 10 చదరపు మీటర్ల చాపకు 0.4. ముందంచు గుండ్రంగా, వెనకంచు పలచగా చెక్కాలి. పలక మరీ ముందుంటే పడవ మాటిమాటికీ గాలివైపు తిరిగి చుక్కాని పట్టినవారి చేతులు పడిపోతాయి. మరీ వెనకుంటే ముక్కు గాలికి దూరమవుతుంది. చోటు ఎంపికే అన్నిటికన్నా ముఖ్యం.

సాగి సంచిలా ఉబ్బిన పాత చాప వాలుగాలికి పనికొస్తుంది, ఎదురుగాలికి పనికిరాదు. ఎదురుగాలికి చాప ముందంచు బిగుతుగా ఉండాలి. ఒడ్డు అలల్లోకి రాకముందే పలక ఎత్తేయాలి.