కత్తిరించిన డిస్కులో తెలుగు

విండోస్ 7 డీవీడీ డబ్బా మీద హోమ్ బేసిక్ అని రాసున్నా, లోపల ప్రొఫెషనల్, అల్టిమేట్ కూడా ఉండేవి. ఏది ఎక్కించాలో చెప్పేది ఒక బుల్లి ఫైలు. దాన్ని తీసేస్తే ఇన్‌స్టాలరే ఏది కావాలని అడిగేది. షాపుల్లో చేతులు మారిన 'ఆల్ ఇన్ వన్' డిస్కుల కిటుకు చాలావరకూ ఇదే. విస్టాతో వచ్చిన 'విమ్' ఫార్మాట్ అన్ని ఎడిషన్లకూ ఉమ్మడిగా ఉన్న ఫైలును ఒక్కసారే దాస్తుంది. అందుకే ఇన్ని ఎడిషన్లు అంత చిన్న చోట పట్టేవి.

ఎక్స్‌పీ కాలంలో ఆ సౌకర్యం లేదు. డిస్కు చిన్నదవ్వాలంటే కోసెయ్యడమే. ఎన్‌లైట్ అనే పనిముట్టు ఓ జాబితా ముందు పెట్టేది: డ్రైవర్లు, ఆటలు, కీబోర్డులు, భాషలు. వద్దన్నవి పోయేవి. ఆ కోతలో తరచూ పోయినవాటిలో తెలుగూ ఉంది.

నిజానికి 2001లో వచ్చిన ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు ఉన్నాయి. కాకపోతే ఇంగ్లీషు ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్ళి ఒక టిక్కు పెట్టాలి, అప్పుడది సీడీ అడుగుతుంది. కోసేసిన సీడీలో ఆ ఫైళ్ళే లేకపోతే ఏం చేస్తాం? తెరంతా డబ్బాలు. ఫాంటు విడిగా తెచ్చుకున్నా అక్షరాలను కలిపే ఏర్పాటు ఉండదు. 'నంబులపూలకుంట'లో వత్తు లేదు గనక ఎలాగోలా చదవొచ్చు. ధర్మవరం మాత్రం 'ధర్‌మవరం' అయిపోతుంది.

దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం డీటీపీ అనుకుంటాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పనిచేసే షాపుకి విండోస్ ఇచ్చే తెలుగు అక్కర్లేదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టుకున్నాయి. ఒకే కంప్యూటర్‌లో పెళ్ళిపత్రిక శుభ్రంగా అచ్చయ్యేది, యూనికోడ్‌లో ఉన్న తెలుగు బ్లాగు తెరిస్తే డబ్బాలు కనిపించేవి. తప్పు బ్లాగుదే అనుకోవడం సహజం. దొంగ కాపీల గురించి మాట్లాడినప్పుడల్లా లైసెన్సు, వైరస్ అంటాం గానీ, ఈ నష్టం లెక్కలోకి రాలేదు.

విస్టా నుంచి టిక్కు పెట్టే పని తప్పింది. విండోస్ 7లో గౌతమికి తోడు వాణి ఫాంటు చేరింది. దాన్నీ కత్తిరించడానికి ఆర్‌టీ సెవెన్ లైట్ వచ్చింది లెండి.